అమ్మను కలిపిన చోటు

నా చిన్నప్పుడు సింగపూర్‌లోని బెడోక్‌లో సముద్రం మా వంటింటి వెనక్కి వచ్చి పోతుండేది. పోటు వేళ పీట వేసుకుని అన్నం తింటుంటే, నేల చెక్కల సందుల్లోంచి కింద నీళ్ళు కదలడం కనిపించేది. మెతుకు జారిపడితే చిన్న చేపలు వచ్చి కొరుక్కుపోయేవి. ఇప్పుడు నేనుంటున్న ఫ్లాటు ఆ ఇల్లున్న చోటికి నడిచిపోయేంత దూరంలోనే ఉంది. కానీ సముద్రం చూడాలంటే రెండు రోడ్లు దాటి, ఎక్స్‌ప్రెస్‌వే కింద దారిలోంచి వెళ్ళి, పార్కులో సైకిళ్ళవాళ్ళను తప్పించుకుంటూ అరగంట నడవాలి. నేనేమీ దూరం పోలేదు. సముద్రమే లేచి అవతలికి వెళ్ళింది. మా పక్క ఫ్లాటులో హైదరాబాదు నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగుల కుటుంబం ఉంది. వాళ్ళ పిల్లవాడికి ఈ మాట చెబితే "డోంట్ బ్లఫ్ లా, ఆంటీ" అని నవ్వేశాడు. వాడి తప్పేముంది, ఒక్కోసారి నాకే నమ్మకం కుదరదు.

మాది మలేషియా నుంచి దిగివచ్చిన కుటుంబం. ముత్తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి పెరాక్‌లోని రబ్బరు తోటలకు వెళ్ళారు. మా నాన్న అక్కడే పుట్టాడు. తోటపని ఇక చాలనుకుని అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని సింగపూర్ వచ్చేశాడు. మేం అద్దెకు దిగిన పల్లెలో అందరూ మలయ్ జాలరులే. తెలుగు మాట్లాడేది మేం ముగ్గురమే. అమ్మ పోయాక ఇద్దరం. నాన్న మాట తక్కువ మనిషి కాబట్టి, నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో తెలుగు మాట్లాడేది నేనొక్కదాన్నే. బడి నుంచి వచ్చి పక్కింటివాళ్ళ కోళ్ళతో మాట్లాడేదాన్ని. అవి పాపం మలయ్ కోళ్ళు. అయినా అమ్మ మాటలు మరిచిపోతానేమోనని భయం నాకు. అందుకని వాటిని కూర్చోబెట్టి వినిపించేదాన్ని.

నాన్న పని కొండల దగ్గర. మా పల్లె వెనక, రోడ్డుకు అవతల, ఎర్రమట్టి కొండలుండేవి. అప్పట్లో ఈ దేశానికి నేల చాలడం లేదు. ఉన్నదేమో ఒక దీవి, దాని చుట్టూ చిన్నా చితకా దీవులు. ఉన్న కొండలు తవ్వి సముద్రంలో పోస్తే ఆ మేరకు నేల పెరుగుతుందని లెక్క కట్టారు. పెద్ద పెద్ద యంత్రాలు కొండను కొరుకుతుంటే, ఆ మట్టి ఒక పొడుగాటి రబ్బరు బెల్టు మీద పడి, రోడ్డు పైనుంచి దాటి, సముద్రం ఒడ్డుదాకా వచ్చేది. అక్కణ్ణుంచి నీళ్ళలోకి. మా నాన్న ఆ బెల్టు కింద తిరిగే రోలర్లకు నూనె పెట్టే మనిషి. ఇంటికి వచ్చేసరికి కనుబొమలు కూడా ఎర్రగా ఉండేవి. బడిలో ఎవరైనా మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే "కొండను సముద్రంలోకి మోసుకొస్తాడు" అని చెప్పేదాన్ని. మొదట్లో అది గొప్పగానే చెప్పాను.

నాకు ఎనిమిదో ఏట అమ్మకు జ్వరం వచ్చింది. తగ్గలేదు. అంతకన్నా నాకు తెలియదు, తరవాతైనా ఎవరూ చెప్పలేదు. అస్థికల కుండకు తెల్లగుడ్డ కట్టి నాన్న తీసుకువచ్చిన రోజు మాత్రం బాగా గుర్తు. పక్కింటి జాలరి తన సాంపాన్, అంటే చిన్న చెక్క పడవ, సిద్ధం చేసి ఉంచాడు. ఆయన్ని నేను పాక్‌చిక్ అని పిలిచేదాన్ని. మలయ్‌లో బాబాయి అన్నట్టు. నేనూ వస్తానని పడవ అంచు పట్టుకుని వేలాడాను. ఆడపిల్లలు రాకూడదని నాన్న అన్నాడు. పాక్‌చిక్ భార్య నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి నన్ను ఎత్తుకుపోయింది. ఆమె భుజం మీదనుంచి చూస్తే పడవ చిన్నదవుతూ, వెలుతురులో కలిసిపోయి కనిపించకుండా పోయింది. ఎంతసేపటికో కుండ లేకుండా తిరిగి వచ్చింది.

ఎక్కడ కలిపావు నాన్నా అని అడిగితే "సముద్రంలోనే" అన్నాడు. సముద్రం ఎంతుందో నాకు తెలుసు. ఆ జవాబుతో నేనేం చేసుకోను? రోజూ అడిగేదాన్ని. రోజూ అదే మాట. చివరికి ఒకరోజు వల బాగుచేసుకుంటున్న పాక్‌చిక్ దగ్గరికి వెళ్ళి అడిగాను.

ఆయన వల పక్కన పెట్టాడు. అటూ ఇటూ చూసి, తడి ఇసుకలో వేలితో గీయడం మొదలుపెట్టాడు. ఇది ఒడ్డు. ఇది మన చిన్న మసీదు, దాని కప్పు కొస. దాని వెనక కొండ, కొండ నెత్తిన ఒంటిచెట్టు. సముద్రంలోంచి చూసినప్పుడు ఆ చెట్టు సరిగ్గా మసీదు కొస మీద నిలబడినట్టు కనిపించాలి. అది ఒక గీత. ఇక పడమటి వైపు ధనవంతుల బంగళా, ఎర్రపెంకులది. దాని వెనక సరుగుడు చెట్టు. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడాలి. అది రెండో గీత. రెండు గీతలూ కోసుకున్న చోట ఆయన ఒక గవ్వ పెట్టి, మీ అమ్మ ఇక్కడ ఉంది అన్నాడు.

అది ఆయన చేపలు పట్టే చోటు. జాలరులు ఇలాంటి గురుతులు కన్నకొడుకులకు కూడా ఒక పట్టాన చెప్పరట. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఏడాది తిరిగాక, తిథి నాడు, మీ నాన్న ఒప్పుకుంటే నిన్ను తీసుకువెళ్తానన్నాడు. నాన్న ఒప్పుకోడానికి నేను మూడు పూటలు అన్నం మానేశాను. రెండో పూటకే ఒప్పుకున్నాడు కానీ, ఎందుకైనా మంచిదని మూడో పూట కూడా మానేశాను. మొదటినుంచీ నాకు మొండితనం ఎక్కువ.

ఆ ఏడాదంతా నాకు ఒకటే పని. నీళ్ళు వెనక్కి తీసినప్పుడల్లా తడి ఇసుకలో ఆ బొమ్మ గీసేదాన్ని. ఒడ్డు, మసీదు, కొండ, చెట్టు, బంగళా, సరుగుడు. రెండు గీతలు, మధ్యలో గవ్వ. పోటు వచ్చి చెరిపేసేది. మర్నాడు మళ్ళీ గీసేదాన్ని. మిగతా పిల్లలు తాడాట ఆడుకుంటూ పిలిచేవాళ్ళు, కొన్నాళ్ళకు పిలవడం మానేశారు. నాకది కష్టంగా కూడా అనిపించలేదు. అమ్మ ఎక్కడుందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నేనని ఉండేది.

అయితే కొండ తరిగిపోతోంది. అవతలి వైపు నుంచి తవ్వుకు వస్తున్నారు కాబట్టి చాలాకాలం నాకు తెలియలేదు. ఒకరోజు బడి నుంచి వస్తూ చూస్తే చెట్టు వెనక ఆకాశం ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉంది. చెట్టు పోతే గీత పోతుంది. గీత పోతే గవ్వ ఎక్కడ పెట్టాలో తెలియదు. ఇంత చిన్న విషయం పెద్దవాళ్ళకు తట్టలేదా అని ఒళ్ళు మండింది. పైగా ఆ బెల్టుకు నూనె పెడుతున్నది మా నాన్నే.

మర్నాడు పొద్దున్నే నాన్న రబ్బరు బూట్లు తీసుకువెళ్ళి పాక్‌చిక్ పడవలో వల కింద దాచేశాను. బూట్లు లేకపోతే నాన్న పనికి పోడు, నాన్న పోకపోతే బెల్టు తిరగదు, బెల్టు తిరగకపోతే కొండ ఉంటుంది. తొమ్మిదేళ్ళు నిండని బుర్రకు ఇంతకన్నా గట్టి ఉపాయం ఏం తోస్తుంది? నాన్న ఇల్లంతా వెతికి, ఆలస్యమైపోతోందని హవాయి చెప్పులతోనే వెళ్ళిపోయాడు. సాయంత్రం కుంటుకుంటూ వచ్చాడు. ఇనుపముక్క గుచ్చుకుని కాలికి కట్టు ఉంది. ఆ కట్టు చూసి నేనే ఏడుస్తూ చెప్పేశాను. కొట్టలేదు. గడప మీద కూర్చుని నావైపు చూశాడు.

"బెల్టు నా మాట ఇంటాదేటే? నేనొక్కణ్ణీ ఎల్లకపోతే ఆగిపోద్దేటి?"

అప్పుడు నా ఒట్టు నేనే తీసి గట్టున పెట్టి, చెట్టు సంగతి, గీతల సంగతి అంతా చెప్పాను. నాన్న ముఖం చూస్తే, ఆయనకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదని అర్థమైంది. పడవలో ఆయన కుండవైపే చూస్తూ కూర్చున్నాడట, ఒడ్డువైపు చూడలేదట. "ఏ చెట్టు?" అని ఒక్కసారి అడిగాడు. వేలెత్తి చూపించాను. చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయాడు. ఓదారుస్తాడనుకున్నాను, కనీసం ఏదో ఒకటి అంటాడనుకున్నాను. ఏమీ అనలేదు. మర్నాడు బూట్లు తొడుక్కుని పనికి వెళ్ళాడు. ఆ రోజునుంచి నాన్నతో అవసరమైన మాటలు తప్ప మాట్లాడలేదు. ఇద్దరం ఒకే పళ్ళెం ముందు కూర్చుని, ఎవరి ఊళ్ళో వాళ్ళం ఉన్నట్టు తినేవాళ్ళం.

తరవాత ఒక వింత జరిగింది. కొండ నలువైపులా తరిగిపోయింది కానీ, చెట్టున్న మేర మాత్రం ఒక మట్టిదిమ్మె మిగిలింది. యంత్రాలు దాని చుట్టూ తవ్వుకుపోయాయి. ఎర్రటి మైదానం మధ్యలో ఎత్తుగా ఒక దిమ్మె, దాని మీద చెట్టు. అది నా ప్రార్థనల ఫలితమేనని ఖాయం చేసుకున్నాను. తిథికి ఇంకా నెలే ఉంది. పాక్‌చిక్ కూడా చూసి తల ఊపి, గాలి కాస్త తగ్గగానే వెళ్ళి ఆ చెట్టు ఉండగానే కొత్త గురుతులు పెట్టుకుని వస్తానన్నాడు. కానీ గాలి తగ్గలేదు. ఈ దేశంలో ఏడాది చివర పట్టే ముసురు మీకు తెలిసే ఉంటుంది. ఆ ఏడు మరీ పట్టింది. పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకుని ఉన్నాయి. వారం రోజుల వాన తరవాత ఒక ఉదయం బడికి వెళ్తుంటే దిమ్మె లేదు. నీళ్ళకు కరిగి కూలిపోయింది. చెట్టు పక్కకు ఒరిగి, వేళ్ళు పైకి చూపిస్తూ పడి ఉంది. సాయంత్రం తిరిగి వచ్చేసరికి అది కూడా లేదు.

తిథి నాటికి వాన వెలిసింది. నాన్న మొదటిసారి పని మానేశాడు. నలుగురి నోటా విని నేర్చుకున్న పద్ధతిలో గారెలు వండాడు. వాటికి చిల్లులు లేవు, మెత్తదనమూ లేదు. పాక్‌చిక్ భార్య నాకు తల దువ్వి, తన పెరట్లో పూసిన మల్లెలు ఆకులో పొట్లం కట్టి ఇచ్చింది. పడవలో పాక్‌చిక్ ముందు కొసన, నేను మధ్యలో ఆయనకు ఎదురుగా, నాన్న నా వెనక, చివర. చోటు దగ్గరపడ్డాక పడవ కొట్టుకుపోకుండా వెనక తెడ్డు కదలకుండా పట్టుకోవడమే నాన్న పని. నేను పడవ ఎక్కడం అదే మొదలు. భయం వేయలేదు. చెట్టు లేదని తెలిసినా, పాక్‌చిక్ అంతటివాడికి ఏదో ఒక దారి తెలిసే ఉంటుందనుకున్నాను.

ఎర్రపెంకుల బంగళా మీదికి సరుగుడు చెట్టు వచ్చేదాకా ఆయన పడవ నడిపించాడు. ఒక గీత దొరికింది. తరవాత ఒడ్డువైపు తిరిగి చూశాడు. మసీదు కప్పు కొస మీద ఏమీ లేదు. దాని వెనక ఎర్రటి బోడి నేల, అందులో పురుగుల్లా యంత్రాలు. అంటే అమ్మ ఆ ఒక్క గీత మీదే ఎక్కడో ఉంది. ఎంత దూరంలో ఉందో చెప్పేది లేదు. ఇదంతా నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఏడాదిగా ఇసుకలో గీసినదాన్ని.

పాక్‌చిక్ ఒక సీసపు గుండు తీశాడు. దానికి అడుగున చిన్న గుంట ఉంది. అందులో సబ్బు ముద్ద కూరి, తాడు కట్టి నీళ్ళలోకి వదిలాడు. తాడు ఎన్ని బారలు దిగిందో చూసుకుని పైకి లాగాడు. సబ్బుకు అంటుకుని వచ్చిన మట్టిని వేలితో నలిపి, వాసన చూసి, నాలిక చివర పెట్టుకుని చూశాడు. తన చోటు అడుగున నల్లబురద, అందులో నలిగిన ఆల్చిప్పల పొడి ఉంటాయట. వచ్చింది ఇసుక. "బుకాన్ సీని" అన్నాడు. ఇక్కడ కాదు.

గీత తప్పకుండా ఇంకా లోపలికి వెళ్ళాం. మళ్ళీ గుండు వదిలాడు. ఈసారి బురదే వచ్చింది, చిప్పల పొడి లేదు. వేళ్ళ మధ్య మళ్ళీ మళ్ళీ నలిపి చూశాడు. నుదుటి చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. "బుకాన్ సీని."

ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఆకులో మల్లెలు వాడిపోతున్నాయి. నాకు ఏడుపు వచ్చేసింది. దొరక్కపోతే నేను ఇంటికి రానని, నన్ను కూడా ఇక్కడే వదిలేసి పొమ్మని అరిచాను. అది ఉత్త బెదిరింపు కాదు, ఆ క్షణాన నిజంగానే అనుకున్నాను. పాక్‌చిక్ మూడోసారి గుండు వదిలాడు. సరిగ్గా అప్పుడే పడవ ఒక్కసారిగా పక్కకు తిరిగిపోయింది. నాన్నకు తెడ్డు పట్టుకోవడం కూడా చేతకాదని పళ్ళు కొరుక్కున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు. అంత కోపం.

గుండు పైకి వచ్చింది. పాక్‌చిక్ దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు ఉన్నాడు. నా తల మీదుగా దూరంగా చూశాడు. తరవాత నన్ను చూసి "సీని" అన్నాడు. ఇక్కడే. నా వెనకనుంచి నాన్న గొంతు "ఇక్కడేనమ్మా" అంది.

పూలు వదిలాను. గారెలు వదిలితే రాళ్ళలా మునిగిపోయాయి. నీళ్ళలో చెయ్యి పెట్టి ఏడాది కబుర్లన్నీ అమ్మకు చెప్పాను. లెక్కల్లో ఫస్టు వచ్చానని, కోళ్ళకు తెలుగు నేర్పుతున్నానని. నాన్న రోజూ అన్నం మాడుస్తాడని. చివర, "నాన్న నీ చెట్టు తీసేశాడమ్మా" అని కూడా చెప్పాను. నాన్న అక్కడే ఉన్నాడు. వినాలనే చెప్పాను.

ఆ తరవాత రెండేళ్ళకు మా పల్లెను ఖాళీ చేయించి అందరికీ ఫ్లాట్లు ఇచ్చారు. కొండమట్టి సముద్రం మీదికి నడుచుకుంటూ వచ్చి మా ఒడ్డునూ దాటిపోయింది. కొండలు అయిపోయాక ఇసుక తెప్పించారు. మరోచోట దీవికీ దీవికీ మధ్య ఉన్న నీళ్ళను పూడ్చి ఒకటి చేశారు. ఒకప్పుడు పడవలో పోయిన చోటుకి బస్సులో పోవడం మా తరానికి అలవాటైపోయింది. అదంతా తప్పని నేననను. నేను ఉద్యోగం చేసిన ఆసుపత్రి, నడిచే పార్కు, ఎన్నో కుటుంబాల ఇళ్ళు అలా వచ్చిన నేల మీదే ఉన్నాయి. కానీ అమ్మ ఉన్న ఆ ఒక్క గీత ఇప్పుడు రోడ్డు కింద ఉందో, ఎవరి ఇంటి కింద ఉందో, ఇంకా నీళ్ళలోనే ఉందో నాకు తెలియదు.

ఆ పడవ కథ నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. పెళ్ళయిన కొత్తలో అత్తవారికి, ఆసుపత్రిలో తోటివాళ్ళకు, పండగలకు కలిసిన తెలుగువాళ్ళకు. నా కన్నతండ్రి మా అమ్మ గురుతును తవ్విపోస్తే, ఏమీ కాని మలయ్ జాలరి సముద్రం అడుగు తడిమి అమ్మను వెతికి ఇచ్చాడని చెప్పేదాన్ని. చాలాసార్లు నాన్న అదే గదిలో, కిటికీ దగ్గర కుర్చీలో ఉండేవాడు. ఒక్కసారీ అడ్డు చెప్పలేదు. ఎవరైనా ఆయనవైపు చూస్తే, అవును, ఆయన చాలా మంచోడు అని పాక్‌చిక్ గురించి తల ఊపేవాడు.

నాన్న పోయినప్పుడు నాకు ముప్పై దాటాయి. ఆయన్ని కూడా అమ్మ ఉన్న చోటే కలపాలని ఒక వెర్రి ఆశ పుట్టింది. చోటు చెప్పగలిగిన మనిషి ఒక్కడే. వెతుక్కుంటూ వెళ్ళాను. పాక్‌చిక్ అప్పటికి బాగా ముసలివాడు. పాసిర్ రిస్‌లో కొడుకు దగ్గర, పదో అంతస్తులో ఉంటున్నాడు. భార్య ఏడాది కిందటే పోయిందట. నేను వచ్చిన పని విని తల దించుకున్నాడు. పడవ అమ్మేశానని అంటాడేమో, ఆ నీళ్ళు ఇప్పుడు లేవని అంటాడేమో అనుకున్నాను.

ఆ రోజు నాకు చోటు దొరకలేదమ్మా అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మూడోసారి దొరికిందిగా అన్నాను.

మొదటి రెండుసార్లు నిజంగానే వెతికానని చెప్పాడు. ఆ రెండు 'కాదు'లూ నిజమేనట. "మూడోసారి మట్టి నేను చూడనే లేదు. నీ వెనక మీ నాన్నను చూశాను." నువ్వు ఇంటికి రానని ఏడుస్తుంటే అతను తెడ్డు వదిలేశాడు, రెండు చేతులూ జోడించి నాకు దణ్ణం పెట్టాడు, ఆ వదిలెయ్యడంతోనే పడవ తిరిగిపోయింది అని చెప్పాడు. ఒడ్డుకు వచ్చాక నువ్వు ఇంట్లోకి పరిగెత్తావు, మీ నాన్న ఇసుకలో నా కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు, 'ఈ మాట దానికి ఎప్పటికీ తెలియనివ్వకు, నామీద కోపం ఉంటే ఉండనీ, వాళ్ళమ్మ దొరికిందనుకోనీ' అన్నాడు అని చెప్పాడు. అన్నేళ్ళూ ఆ మాట నిలబెట్టుకున్నానని, ఇక ఎవరికోసం నిలబెట్టుకోవాలని అన్నాడు. పాక్‌చిక్ నా చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, అది తాగేదాకా పక్కనే నిలబడ్డాడు.

ఆ మట్టిదిమ్మె మీద చెట్టు అన్ని రోజులు నిలవడం వెనక కూడా మా నాన్న చెయ్యి ఉందా అని అప్పటినుంచీ అనుమానం. ఆ యంత్రాలు నడిపేవాళ్ళంతా ఆయనకు తెలిసినవాళ్ళే. మాట తక్కువ మనిషి వాళ్ళను ఎలా అడిగి ఉంటాడో, ఏ భాషలో, ఎన్నిసార్లు అడిగి ఉంటాడో. అసలు అడిగాడో లేదో. పాక్‌చిక్‌కు తెలియదు. తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

నాన్నను చాంగీ వైపు నుంచి బోటులో తీసుకువెళ్ళి కలిపాను. ఆడపిల్లలు రాకూడదని చెప్పడానికి ఎవరూ మిగలలేదు కాబట్టి నేనే వెళ్ళాను. కొంతదూరం పోయాక బోటు అతను ఇంజను ఆపి, ఇక్కడ ఓకేనా అని అడిగాడు. ఓకే అన్నాను. అమ్మ ఒకచోట, నాన్న ఒకచోట. ఇద్దరిలో ఎవరి చోటూ నాకు తెలియదు. మా ఆయన కూడా పోయాక, పిల్లలు లేని ఇంట్లో సాయంత్రాలు పొడుగ్గా ఉంటాయి. నాన్నతో మాట్లాడాలనిపిస్తుంది. క్షమించమని కాదు, అలాంటి పెద్దమాటలు ఆయనకు నచ్చవు. గారెలు బాగున్నాయని ఒక్కమాట చెబితే చాలు.

పాక్‌చిక్ ఆ మాట చెప్పిన రోజునుంచి నాకొక అలవాటు పడింది. ఎవరైనా నాకు మేలు చేస్తే, వాళ్ళకు దణ్ణం పెట్టి ఊరుకోను, దాని వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూస్తాను. మొన్న క్లినిక్‌లో ఒక చైనీస్ అమ్మాయి లేచి వచ్చి తన నంబరు చీటీ నాకిచ్చి, నా చీటీ తను తీసుకుంది. థాంక్స్ చెప్పి వెనక్కి తిరిగాను. మూడు వరసల వెనక ఒక ముసలాయన మా ఇద్దరినే చూస్తూ, నేను చూడగానే చటుక్కున ఫోనువైపు తల దించుకున్నాడు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా ఆయన దగ్గరదాకా నడిచివెళ్ళి ఆయనకూ థాంక్స్ చెప్పాను. నేనేం చేశానన్నట్టు కంగారుపడ్డాడు.

చాలాసార్లు వెనక ఎవరూ ఉండరు. అయినా తిరిగి చూస్తాను. తొమ్మిదేళ్ళప్పుడు, ఆ పడవలో, ఒక్కసారి తిరిగి చూసి ఉంటే చాలు. చూడలేదు.